ఏడో గుంట కొలత

ఊళ్ళో అందరూ ఆయన్ని మిల్లీమీటరు అనేవారు. అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీలో ఉంది, అక్కడ కూడా దాన్ని చదివి పిలిచేవాళ్ళు లేరు. వీధి చివరి దర్జీ ఒకసారి పదిమందిలో, "ఈయనకు చొక్కా కుట్టాక నా టేపు పారేసి కొత్తది తెచ్చుకున్నాను. పాతది సాగిపోయిందని ఈయనే తేల్చాడు" అన్నాడు. అందరూ నవ్వారు. మిల్లీమీటరు నవ్వలేదు, కాదనలేదు. టేపు నిజంగానే సాగింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని, నేల ఎంత జరిగిందో కొలవడం.

ఊరి మధ్యలోంచి ఒక గీత పోతుంది. దక్షిణాన రైలు పట్టాల దగ్గర ఊళ్ళోకి వచ్చి, బజారు దాటి, ఉత్తరాన కొండ భుజం మీదికి ఎక్కుతుంది. గీతకు పడమర ఉన్నది ఒక పలక, తూర్పున ఉన్నది ఇంకొకటి. పడమటిది ఉత్తరానికి, తూర్పుది దక్షిణానికి, భుజాలు రాసుకుంటూ పోతుంటాయి. ఆ కదలిక కంటికి కనబడదు, దాని పని మాత్రం కనబడుతుంది. తపాలా ఆఫీసు ముందు ఫుట్‌పాత్ అంచు తిన్నగా వచ్చి ఒకచోట అరచేయి వెడల్పు పక్కకు తప్పుకుంటుంది. సైకిళ్ళ కొట్టు వెనక గోడ వంగింది. లైబ్రరీ తలుపును రెండేళ్ళకోసారి వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి పోతాడు. నీళ్ళ పైపుల మేస్త్రీ, "అందరికీ నేల పండి తిండి పెడుతుంది, నాకు జరిగి పెడుతుంది" అంటుండేవాడు.

ఏటా బడిపిల్లలు ఆఫీసు చూడటానికి వచ్చేవారు. వాళ్ళకు పాఠం చెప్పడం మిల్లీమీటరు పని.

"భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలు. కింద వేడికి మెత్తబడ్డ రాయి మీద మెల్లగా సాగుతుంటాయి. రెండు పలకలు విడిపోయే చోట కిందనుంచి కొత్త రాయి వచ్చి సందు పూడుస్తుంది. ఎదురెదురుగా వచ్చే చోట ఒకటి రెండోదాని కిందికి దూరుతుంది, లేదా రెండూ ముడతలు పడి కొండలవుతాయి. మన దగ్గర ఆ రెండూ కాదు. ఇక్కడ పక్కపక్కనే రాసుకుంటూ పోతాయి. నెలకొక మిల్లీమీటరు."

ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, మరి భూకంపం వస్తుందా అని.

"రోజూ కాస్త కాస్త నడిచేవాడికి ఒక్కసారిగా పరుగెత్తాల్సిన అవసరం రాదు" అనేవాడు ఆయన.

ఆ మాట ఆయన నమ్మాడు. స్థలాలు కొనబోతూ సలహాకు వచ్చినవాళ్ళకూ అదే చెప్పాడు. మునిసిపాలిటీవాళ్ళు అడిగితే అదే చెప్పాడు. కూతురికీ అల్లుడికీ చెప్పింది కూడా అదే.

గీత పొడవునా నడుం లోతు గుంటలు తవ్వి ఉన్నాయి. ఒక్కో గుంటలో గీతకు ఇవతల ఒక సిమెంటు దిమ్మె, అవతల ఒకటి. రెంటి మధ్య ఏటవాలుగా బిగించిన తీగ. ఎండకు సాగని, చలికి ముడుచుకోని లోహం అది. నేల జరిగితే దిమ్మెల మధ్య దూరం మారుతుంది, తీగ కొసనున్న ముల్లు స్కేలు మీద కదులుతుంది. భూతద్దం పెట్టి ఆ అంకె చదవాలి. ప్రతి గుంటా వారానికి ఒకసారి.

చదవడానికి ఒకరు, రాయడానికి ఒకరు. చదివేవాడు పుస్తకం చూడకూడదు, రాసేవాడు స్కేలు చూడకూడదు. పోయినవారం అంకె కళ్ళ ముందుంటే కన్ను దానికి తగ్గట్టే చదువుతుందని, ఆయనకు పని నేర్పిన పాత ఉద్యోగి చెప్పిన నియమం. చదివేవాడు గుంటలోంచి అంకె అరుస్తాడు. రాసేవాడు గట్టున నిలబడి, ఆ అంకెను తిరిగి పైకి చెప్పి రాస్తాడు. చివర ఇద్దరూ సంతకాలు పెడతారు.

ఆ రెండో మనిషి ఆయన బామ్మర్ది. భార్యకు తమ్ముడు. ఇరవై రెండేళ్ళ కిందట, ఏ పనిలోనూ నిలవడం లేదని భార్య బాధపడుతుంటే, మిల్లీమీటరే మాట సాయం చేసి ఆఫీసులో పెట్టించాడు. మాటకారి మనిషి. గుంటలో దిగాడంటే ఈల వేయకుండా ఉండలేడు.

"నలభై రెండు పాయింటు మూడు. రాశావా, గట్టున కునుకు తీస్తున్నావా బావా?"

"నలభై రెండు పాయింటు మూడు. పడుకుని చదివేది నువ్వు, కునుకు నాదా?"

"నిలబడి చదవడానికి నువ్వేమైనా లోతుగా తవ్వించావా?"

తొమ్మిదేళ్ళ కిందట, ఉత్తరాన కొండ దిగువ ఇళ్ళ కాలనీకి అనుమతి ఇవ్వాలా వద్దా అని మునిసిపాలిటీ ఆలోచించింది. అక్కడ నేల ఎలా జరుగుతుందో ఎవరూ కొలవలేదు. ఆఫీసువాళ్ళు కొండ భుజం మీద ఏడో గుంట తవ్వారు. బండి పోయే దారి లేదు, గంటంబావు ఎక్కాలి. తవ్విన రెండు నెలలకే మిల్లీమీటరు ఆరో గుంట గట్టు మీద కాలు జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతికింది గాని కొండలెక్కడానికి పనికిరాలేదు. అప్పటినుంచి ప్రతి గురువారం బామ్మర్ది ఒక్కడే ఏడో గుంటకు వెళ్ళేవాడు. తానే చదివి, తానే రాసి తెచ్చేవాడు. రాసినవాడి గడిలో మిల్లీమీటరు ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని సంతకం పెట్టేవాడు. నియమం తప్పుతున్నట్టు ఆయనకు తెలుసు. ఇంట్లో మనిషే కదా అనుకున్నాడు.

కొత్త గుంట మొదట్లో కొన్ని నెలలు సతాయించింది. తర్వాత దారికొచ్చింది. మిగతా ఆరింటిలాగే నెలకొక మిల్లీమీటరు. ఏడాది తిరిగాక మునిసిపాలిటీ అనుమతి ఇచ్చింది. ఐదు వందల ఇళ్ళు లేచాయి, ఒక బడి లేచింది. కూతురు, అల్లుడు కూడా అక్కడే రెండంతస్తుల ఇటుక ఇల్లు కట్టుకున్నారు. గీతకు అరవై మీటర్ల దూరం ఉండేలా హద్దు రాయి పాతించింది మిల్లీమీటరే.

*

ఆయన పదవీ విరమణకు నాలుగు నెలలుందనగా కొత్త అధికారిణి ఆయన్ని గదిలోకి పిలిచింది. ఆవిడ వచ్చి ఏడాదిన్నర అయింది. ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకునే యంత్రాలను గీతకు రెండు వైపులా పాతించింది. వాటి లెక్కలు పూర్తయ్యాయి.

"కూర్చోండి" అంది. "ఆరు గుంటల దగ్గర మీ అంకెలూ నా అంకెలూ కలిశాయి. వెంట్రుక తేడా లేదు. ఇలాంటి పుస్తకం నేనెక్కడా చూడలేదు."

ముందు పొగిడారంటే తర్వాత ఏదో ఉంటుందని ఆయనకు తెలుసు.

"ఏడోదాని దగ్గర గీతకు అటూ ఇటూ పెట్టిన యంత్రాలు పద్నాలుగు నెలల్లో ఒకదాన్నుంచి ఒకటి జరగలేదు."

"యంత్రం సరిగ్గా ఉందా మేడమ్?"

"మీరలా అడుగుతారనే నాలుగు పెట్టాను. నాలుగూ అదే చెబుతున్నాయి. మీ పుస్తకంలో మాత్రం ఆ పద్నాలుగు నెలలకూ పద్నాలుగు మిల్లీమీటర్లు ఉంది."

"గీత ఒకటే. పలకలు అవే. ఇక్కడ కదులుతూ అక్కడ ఎలా ఆగుతాయి?"

"పలకలు ఆగలేదు. గీతకు ఇరవై కిలోమీటర్ల అవతల చూస్తే రెండూ మామూలుగానే పోతున్నాయి. కొండ దగ్గర అంచు ఆగింది. రాయి రాయిని పట్టుకుంది. పలక పోతోంది, అంచు రావడం లేదు, మధ్యలో నేల వంగుతోంది." ఆవిడ బల్ల కింది సొరుగు పిడి పట్టుకుంది. ఆ సొరుగు ఇరుక్కుంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు. "లాగుతున్నాను, రావడం లేదు. అంటే నేను లాగడం ఆపానా? ఇంకా గట్టిగా లాగుతున్నాను. వచ్చేటప్పుడు ఇది కాస్త కాస్త రాదు."

సొరుగు ఒక్కసారిగా ఊడి వచ్చింది. పెన్నులు, గుండుసూదులు, రబ్బరు ముద్రలు నేలంతా దొర్లాయి. ఇద్దరూ వంగి ఏరడం మొదలుపెట్టారు. ఆయన ఒక మోకాలి మీదే వంగాడు.

"ఎన్నాళ్ళనుంచి పట్టుకుని ఉంది?" అన్నాడు గుండుసూదులు ఏరుతూనే.

"నూట నలభై ఏళ్ళ కిందట కొండవైపు పెద్దగా కంపించిందని పాత రికార్డుల్లో ఉంది. అప్పట్నుంచీ అనుకుంటే..."

నెలకొకటి చొప్పున లెక్క ఆయనే వేసుకున్నాడు. వెయ్యిన్ని ఆరువందల ఎనభై. ఆయన ఉద్యోగంలో అంత పెద్ద అంకె ఎప్పుడూ నోటికి రాలేదు.

"మీటరున్నర పైమాట" అన్నాడు.

"ఒక్క ఊపులో రావచ్చు. ఎప్పుడని మాత్రం ఎవరూ చెప్పలేరు. ఈ ఏడు కావచ్చు, మన మనవల కాలంలో కావచ్చు. ఈలోగా ఇళ్ళు గట్టి చేసుకోవచ్చు, బడిని మార్చవచ్చు. వాళ్ళకు తెలిస్తే." ఆవిడ పుస్తకం ఆయన ముందుకు జరిపింది. "సోమవారం మునిసిపాలిటీ సభ. నా యంత్రాలు ఒకటి చెప్పి, మీ పుస్తకం ఇంకొకటి చెబితే, ఇల్లున్నవాళ్ళు దేన్ని నమ్ముతారు?"

"పుస్తకాన్నే."

"అందుకే ఏడో గుంట కొలతలు ఎలా తీశారో మీరు రాసివ్వాలి. రాసిన సంతకం మీది. మీరక్కడ ఉన్నారా?"

ఆయన మోకాలి వైపు చూసుకున్నాడు.

"లేను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం తొమ్మిదేళ్ళ పేజీలు ముందేసుకుని కూర్చున్నాడు. మొదటిసారి వాటిని వరసబెట్టి చదివాడు. అప్పటిదాకా సంతకం పెట్టడమే. మిగతా గుంటల పేజీల మీద వాన చుక్కలకు సిరా అలుక్కుపోయింది, బురద వేళ్ళ గుర్తులున్నాయి. వారానికి వారానికీ తేడా ఒకసారి పాయింటు ఐదు, ఒకసారి సున్నా, పెద్ద వానల తర్వాత ముల్లు ఒకసారి వెనక్కి కూడా పోయింది. ఏడో గుంట పేజీలు కొత్త చొక్కాల్లా ఉన్నాయి. మొదటి కొన్ని నెలలు పోను, పాయింటు రెండు, పాయింటు మూడు, పాయింటు రెండు, పాయింటు మూడు. వానల్లోనూ అంతే. నిజమైన కొలత అంత బుద్ధిగా ఉండదు. బామ్మర్ది కుదురు నేర్చుకున్నాడని ఆ పేజీలు చూసే ఆయన సంతోషపడేవాడు.

*

మర్నాడు పొద్దున బామ్మర్ది ఆఫీసు వసారాలో కూర్చుని గుంటల మూతల బందులకు నూనె పెడుతున్నాడు. ఈల వేస్తున్నాడు.

"ఏడో గుంటకు చివరిసారి ఎప్పుడెక్కావు?"

"పోయిన గురువారం. ఏం?"

"నా మొహం చూసి చెప్పు."

ఈల ఆగింది. బామ్మర్ది నూనె గుడ్డను మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"మానేసి ఆరేళ్ళయింది బావా."

మిల్లీమీటరు గోడకు చేయి ఆనించాడు.

"మొదటి మూడేళ్ళూ ఎక్కాను" అన్నాడు బామ్మర్ది, అది తన పక్షాన చెప్పుకోదగ్గ సంగతి అన్నట్టు. "ఎక్కి, చదివి, కిందికొచ్చి వేరే అంకె రాసేవాణ్ని. ఎలాగూ వేరే అంకె రాసేదానికి ఎక్కడమెందుకని తర్వాత మానేశాను."

"ఎందుకు రాశావు వేరే అంకె?"

"నీకు గుర్తు లేదా?"

"ఏది?"

"నీ కాలు కట్టులో ఉంది. మూడు నెలలు వరసగా ఒకే అంకె తెచ్చాను. నలభై పాయింటు సున్నా. అంతకుముందు ఇద్దరం కలిసి వెళ్ళినప్పుడూ అదే వచ్చిందిగా. సిమెంటు కుదురుకోలేదని నువ్వే అన్నావు. మూడో నెల మాత్రం అందరి ముందూ పుస్తకం నా మీదికి విసిరావు. 'నేల ఆగదురా, ఆగింది నువ్వు, కొండ కింద టీ కొట్లో' అన్నావు. గుమాస్తాలందరూ నవ్వారు. ఏడాదిపాటు నేను కనిపిస్తే చాలు, 'టీ తాగుతావా' అనేవాళ్ళు."

ఆయనకు గుర్తొచ్చింది. పుస్తకం విసిరింది కాదు, తర్వాతి వారం బామ్మర్ది నలభై పాయింటు మూడు తెచ్చినప్పుడు తాను, "చూశావా, ఎక్కితే కదులుతుంది" అన్నది.

"తిడితే అబద్ధం రాస్తావా? మళ్ళీ చెప్పాలి. పదిసార్లు చెప్పాలి."

"పదిసార్లు వినే మనిషివా నువ్వు?"

"నా కూతురు పునాది తవ్విస్తున్న రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. పలుగు అందించింది నువ్వే."

"కదలని నేల గట్టి నేలే కదా అనుకున్నాను." బామ్మర్ది గొంతు తగ్గింది. "ఒట్టు బావా. కదిలే చోట కడితే భయం గాని, అసలు కదలని చోట కడితే ఏమవుతుంది అనుకున్నాను. ఇంకా మంచిదే అనుకున్నాను."

ఇరవై రెండేళ్ళు ఆ తీగల పక్కన పడుకుని కొలిచిన మనిషి అలా అనుకున్నాడు. మిల్లీమీటరు తిట్టడానికి మాట వెతుక్కున్నాడు. బడిపిల్లలకు తాను చెప్పిన పాఠంలో ఆగిపోయిన అంచు గురించి ఒక్క ముక్క కూడా లేదు. తిట్టు నోటికి రాలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

"రాసిస్తున్నాను" అన్నాడు. "సోమవారం లోపు."

"ఉద్యోగం పోతుంది బావా."

"పోతుంది."

"ఇరవై రెండేళ్ళు నీ గుంటల్లో దిగాను. ఒక్కసారైనా నువ్వు దిగి నన్ను గట్టున నిలబెట్టావా? నేనేదో పాపం చేద్దామని చేశానా, అక్కనడుగు."

"అక్కనా?"

బామ్మర్ది నూనె గుడ్డ వైపు చూశాడు.

*

ఆయన ఆ వేళప్పుడు ఇంటికి రావడం భార్య ఎప్పుడూ చూడలేదు. భోజనాల బల్ల మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

"గురువారాలు వాడు ఇక్కడికి వచ్చేవాడా?"

ఆవిడ ఒక దుప్పటి కొసలు కలిపి మడిచింది. దాన్ని పక్కన పెట్టాకే మాట్లాడింది.

"వచ్చేవాడు."

"ఎన్నాళ్ళనుంచి?"

"లెక్కలు పెట్టేది మీరు. నేను పెట్టలేదు."

"ఏం చేసేవాడు?"

"టీ తాగేవాడు. ఇదిగో, ఈ బల్ల మీదే పుస్తకం రాసేవాడు." ఆవిడ ఇంకో బట్ట అందుకుంది. "ఒకసారి నన్నే అడిగాడు. అక్కా, ఈవారం పాయింటు రెండు వేయనా, మూడు వేయనా అని. కూరలో ఉప్పు ఎంత వేయాలని అడిగినట్టు."

"నువ్వేం చెప్పావు?"

"రెండు వేయమన్నాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గురువారాలు గుర్తొచ్చాయి. ఆఫీసు నుంచి బామ్మర్దిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఇద్దరూ ఈ బల్ల దగ్గరే కూర్చునేవారు. ఆవిడ తమ్ముడికి ముందు వడ్డించేది. పాపం కొండెక్కి దిగి వచ్చాడండీ, అనేది. అందరి ముందూ అనేది. బామ్మర్ది తలొంచుకుని తినేవాడు. అలసటేమో అనుకుని మిల్లీమీటరు తన పళ్ళెంలోది కూడా వాడి పళ్ళెంలోకి జరిపేవాడు.

"కొండెక్కి వచ్చాడని నాతో ఎలా అనగలిగావు?" అన్నాడు.

"మీ ముందు వాడెప్పుడూ తప్పు చేసినవాడిలాగే నిలబడేవాడు. ఎక్కిన రోజుల్లోనూ అంతే. ఈ బల్ల దగ్గర ఆ గంటసేపు నవ్వేవాడు." ఆవిడ బట్టలు వదిలేసింది. "నా తమ్ముడు కదండీ."

"అది నా కూతురి ఇల్లు."

"నా కూతురిది కాదా? అక్కడ కట్టుకోమంది మీరు. గీత ఒకటే, పలకలు అవే, ఇక్కడెంతో అక్కడా అంతేనన్నారు. ఊరంతా మీ మాట విని కట్టుకుంది. అంత తెలిసిన మనిషి, వీడు రాయకపోయినా ఆయనకు నేల సంగతి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. ఆ పుస్తకం ఉత్త తతంగం అనుకున్నాను."

ముప్ఫై ఒక్క ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి, తన పనిని ఉత్త తతంగం అనుకుంది. వాడు గుంటకు వెళ్ళకపోవడం, ఆవిడ అంకె చెప్పడం ఒక ఎత్తు, ఈ మాట ఒక్కటీ ఒక ఎత్తు.

"నమ్మి నానబోస్తే..." అని ఆపేశాడు. సామెత పూర్తి చేయడానికి మనసొప్పలేదు.

"వాడి పేరు రాస్తారా?" అంది ఆవిడ.

"రాస్తాను."

"మీ పేరు?"

"ముందు నాదే."

ఆవిడ మడత పెట్టిన బట్టలన్నీ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. బామ్మర్ది రాలేదు. గురువారం ఆవిడ బల్ల తుడిచి, రెండు పళ్ళేలే పెట్టింది.

శనివారానికి ఆయన కాగితం పూర్తి చేశాడు. ఒక పేజీ. మొదటి ఐదు నెలల్లో ఏడో గుంట నుంచి సరైన అంకెలు వచ్చాయని, అవి తాను నమ్మలేదని మొదలుపెట్టాడు. ఆ తర్వాత వచ్చినవన్నీ కల్పించిన అంకెలని, వాటిని తాను నమ్మి, చూడకుండా సంతకం పెట్టానని రాశాడు. బామ్మర్ది పేరు నాలుగో వరసలో వచ్చింది.

అధికారిణి రెండుసార్లు చదివింది.

"ఈ మొదటి వాక్యం అవసరం లేదు. తప్పు వేరేవాళ్ళ మీద ఉండగా మీ మీదికి తెచ్చుకుంటున్నారు."

"ఉండనివ్వండి."

"తీసేస్తే మీ పదవీ విరమణ గౌరవంగా జరుగుతుంది."

"అది తీసేస్తే వాడెందుకు అలా రాశాడో తెలియదు మేడమ్" అన్నాడు. బామ్మర్దిని వెనకేసుకొస్తున్నట్టు ఆ మాట తనకే వినిపించి, వెంటనే లేచి వచ్చేశాడు.

*

ఆదివారం పొద్దున బస్సెక్కి ఉత్తరం కాలనీకి వెళ్ళాడు. సభలో పదిమందిలో వినేముందు కూతురు తన నోట వినాలి. అల్లుడు పిల్లను తీసుకుని బజారుకు వెళ్ళాడు. కూతురు పైగదిలో కిటికీ తుడుస్తోంది. ఆయన నిలబడే చెప్పాడు. యంత్రాలు, సొరుగు, మీటరున్నర, అన్నీ. ఆమె గుడ్డ చేతిలో పట్టుకుని వింది.

"మన ఇల్లు గీతకు అరవై మీటర్లుందిగా" అంది.

"గీత మీద ఉంటే నేల చీలేది. అరవై మీటర్లుంది కాబట్టి చీలదు. ఊపు మాత్రం ఊరంతటికీ వస్తుంది. ఇటుక గోడ అంత ఊపు తట్టుకోదు."

"మామయ్యకు తెలుసా?"

"ఆ తప్పుడు అంకెలు రాసింది వాడే."

"అమ్మకు?"

ఆయన కిటికీలోంచి చూశాడు. కింద వీధిలో ఎవరో కొత్తగా ప్రహరీ కడుతున్నారు. తాపీమేస్త్రీ దారం లాగి వరస సరిచూసుకుంటున్నాడు.

"తెలుసు" అన్నాడు.

ఆమె గుడ్డను బకెట్లో వేసింది.

"నాతో ఫోన్లో రోజూ మాట్లాడుతుంది" అంది. "రోజూ." చేతులు తుడుచుకుంటూ, "అమ్మేయవచ్చా?" అంది.

"కొనేవాడికి చెప్పకుండా అమ్ముతావా?"

"మాకు చెప్పే కట్టించారా ఏంటి?" ఆమె గొంతు పెంచలేదు. "ఎప్పుడొస్తుంది నాన్నా?"

"తెలియదు."

"సుమారుగా?"

"తెలియదమ్మా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. నేల గురించి అడిగితే తెలియదని ఆయన అనడం ఆమె వినడం అదే మొదటిసారి.

"నువ్వెందుకు ఎక్కలేదు?" అంది. "కాలు బాగాలేదు, సరే. ఇంకొకరిని పంపొచ్చుగా. ఆఫీసులో ఎంతమంది లేరు?"

"ఇంట్లో మనిషని."

"ఇంట్లో మనిషని" అంది ఆమె కూడా, మెల్లగా.

తర్వాత గది చుట్టూ చూసింది. పిల్ల మంచం గోడవారగా ఉంది. దాని తలవైపు నిలువెత్తు ఇనప బీరువా, బీరువా మీద మూడు పెట్టెలు. ఆమె కుర్చీ ఎక్కి పెట్టెలు ఒక్కొక్కటే దించింది. ఆయన అందుకోబోతే చేయి అడ్డం పెట్టి, తానే నేల మీద పెట్టింది. దుప్పటి, దిండ్లు తీసి కిటికీ మీద వేసింది.

"రేపు సభలో కాగితం ఎవరు చదువుతారు?"

"మా అధికారిణి చదువుతానంది."

"నువ్వు చదువు. మా వీధివాళ్ళందరూ వస్తారు. నీ మాట విని కట్టుకున్నవాళ్ళు. నీ నోటితోనే వినాలి."

"సరే."

"నేనూ వస్తాను" అంది. "నీ దగ్గర కూర్చోను. వాళ్ళతో కూర్చుంటాను."

ఆయన తల ఊపాడు. ఆమె మంచానికి ఒక వైపు వెళ్ళి, వంగి పట్టుకుని, తల ఎత్తకుండానే, "ఆ కొస పట్టు" అంది. మోకాలు వంగినంత వరకూ వంగి, ఆయన పట్టాడు. ఇద్దరూ కలిసి మంచాన్ని బీరువాకు దూరంగా, గది నడుమకు జరిపారు.